అప్పగింతల దగ్గర ఆగే డిస్కు

పోయిన నెల ఒక పొద్దుటిపూట ఫోన్ మోగింది. తెలియని నంబరు, ఆడ గొంతు. "అన్నా, జనగామల పెండ్లి వీడియోలు తీసే అన్నవేనా? స్టేషన్ రోడ్డు మీద దుకాణం ఉండె గద నీది?" దుకాణం ఎత్తేసి తొమ్మిదేండ్లయింది. నంబరు మాత్రం అదే ఉంది. ఔనమ్మా అన్నాను.

"మాది బచ్చన్నపేట దిక్కు. 2007ల నా పెండ్లికి నువ్వే వచ్చినవు. మా బాపు పోయి నాలుగు నెల్లయింది. డీవీడీ ఉన్నది గని పడ్తలేదు. నీ కాడ ఇంకోటి ఏమన్న ఉంటదా అన్నా?"

ఉంటుందమ్మా, రెండున్నాయి అన్నాను. పద్దెనిమిదేండ్ల కిందటి డిస్కు గురించి అంత ధీమాగా ఎట్లా చెప్పగలిగానంటే, దాని వెనక పెద్ద కథే ఉంది. ఖాళీ డీవీడీలు కొనడం నేర్చుకున్న కథ.

నేను ఈ పనిలోకి వచ్చినప్పుడు ప్యానసోనిక్ ఎం3000 కెమెరా భుజాన మోసే రోజులు. పెండ్లంతా మూడు గంటల వీహెచ్‌ఎస్ క్యాసెట్టులో ఇచ్చేవాళ్లం. తర్వాత వీసీడీలు వచ్చాయి. ఒక్కోదాంట్లో గంట పైన పట్టేది కాబట్టి పెండ్లికి మూడో నాలుగో అయ్యేవి. బొమ్మ గళ్లు గళ్లుగా ఉండేది. పట్టుచీర జరీ అంచంతా కలిసిపోయి గంజిలా కనపడేది. 2005 నాటికి మా దగ్గర ఇండ్లలోకి చైనా డీవీడీ ప్లేయర్లు దిగాయి. పక్కింటి పెండ్లి డీవీడీలో వచ్చిందంటే మనదీ డీవీడీలోనే రావాలి కదా. అప్పు చేసి మినీ డీవీ కెమెరా కొన్నాను. కంప్యూటర్‌కు డీవీడీ రైటర్ బిగించాను. మిక్సింగ్ నేర్చుకున్నాను. వీటన్నిటికీ నేర్పేవాళ్లు దొరికారు. ఖాళీ డిస్కు ఏది కొనాలో చెప్పేవాడు మాత్రం దొరకలేదు.

అమ్మ అంగడికి పోతే బెండకాయ కొస విరిచి చూసేది. కొబ్బరికాయను చెవి దగ్గర ఊపేది. పుచ్చకాయను వేలితో తట్టి, తల వంచి వినేది. డిస్కును ఏం చేసి చూడాలి? విరవలేం, ఊపలేం. అన్నీ ఒకే ఊదారంగు, అన్నీ అద్దంలా మెరుపు. మంచిదైనా చెడ్డదైనా కొన్నరోజు మన మొహాన్ని ఒకేలా చూపిస్తుంది.

సరుకు సికింద్రాబాదు నుంచే. పొద్దున పుష్‌పుల్ ఎక్కితే ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్ దాటి స్టేషన్‌లో దిగేవాణ్ని. బయట ఇరానీ హోటల్లో చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు. అక్కణ్నుంచి క్లాక్ టవర్ మీదుగా నడుచుకుంటూ పార్క్‌లేన్. అక్కడ చెనాయ్ ట్రేడ్ సెంటర్. ఆ పూర్తి పేరు ఎవరూ అనరు, సీటీసీ అంటారు. లిఫ్టు కోసం నిలబడితే తెల్లారుతుంది, మెట్లెక్కడమే మేలు. మెట్ల మీద థర్మోకోల్ ముక్కలు, చింపిన అట్టపెట్టెలు, మానిటర్లు నెత్తిన పెట్టుకుని దిగే హమాలీలు. ఒక్కో దుకాణం మన వంటింట్లో సగం ఉంటుంది. అందులోనే నలుగురు మనుషులు, నలభై బ్రాండ్లు.

"భాయ్, డీవీడీ పచాస్ వాలా డబ్బా కిత్నా?" అంటే గల్లాపెట్టె మీది మనిషి తలెత్తకుండానే "కంపెనీ కా లేనా, యా లోకల్?" అనేవాడు.

ఆ ఒక్క ప్రశ్న దగ్గరే నేను చాలా డబ్బు మిగిల్చుకున్నాను. అంతకంటే ఎక్కువే పోగొట్టుకున్నాను.

లెక్క చూడండి. ఒక పెండ్లికి ఒక్క డిస్కు చాలదు. అమ్మాయి వాళ్లకు, అబ్బాయి వాళ్లకు, మేనమామకు, అమెరికాలో ఉన్న బంధువుకు అని అన్నీ కలిపితే పన్నెండు దాకా అయ్యేవి. మాఘం, ఫాల్గుణం, వైశాఖం కలిపి ఇరవై పెండ్లిండ్లు దొరికితే 240 డిస్కులు. మొదట్లో మంచి డిస్కు నలభై రూపాయల పైమాటే. తర్వాత తగ్గుతూ తగ్గుతూ డబ్బా కొంటే ఇరవై లోపుకు వచ్చింది. లోకల్‌ది దానికంటే ఆరు రూపాయలు తక్కువ. 240కి ఆరు చొప్పున 1,440. నా దుకాణం నెల కిరాయి 1,200. ఇంతకంటే ఆశ ఏముంటుంది? లోకల్ డబ్బాలే సంచిలో వేసుకుని సాయంత్రం బండికి తిరిగొచ్చేవాణ్ని. డబ్బా మీద పేరు ఏదో జపాన్ కంపెనీ పేరులా వినపడేది, ఒక అక్షరం మాత్రం తేడా.

రాసినరోజు అన్నీ బాగానే ఆడేవి. మోసమంతా అందులోనే ఉంది. పాలు విరిగితే పొయ్యి మీదే తెలుస్తుంది. డిస్కు విరగడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. అప్పటికి బిల్లు వసూలై, ఖర్చై, మర్చిపోయి కూడా ఉంటాం.

2006 చివర్లో దేవరుప్పుల దిక్కు నుంచి ఒక రైతు వచ్చాడు. అరవై ఏండ్ల మనిషి, తెల్ల పంచె, భుజాన కండువా. అంతకుముందు ఏడాది ఆయన బిడ్డ పెండ్లి నేనే తీశాను. ఒక్కతే బిడ్డ. డిస్కును కండువా కొసలో చుట్టి తెచ్చాడు.

"తమ్మీ, అంత మంచిగనే వస్తది. అప్పగింతలకాడికి వచ్చేవరకు గడ్డకట్టినట్టు నిలబడిపోతది."

మెత్తటి గుడ్డతో నడుమ నుంచి అంచుకు తుడిచి ఇచ్చాను. నెల తర్వాత మళ్లీ వచ్చాడు. ఈసారి మీ ప్లేయర్ లెన్సు పాతబడింది కాకా, శుభ్రం చేయించుకో అన్నాను. మూడోసారి వచ్చినప్పుడు నా కంప్యూటర్‌లోనే పెట్టి చూశాం. జీలకర్ర బెల్లం వచ్చింది. తలంబ్రాలు వచ్చాయి. అరుంధతిని చూపించారు. బిడ్డ చేతులను పాలపళ్లెంలో ముంచి అత్తగారి చేతుల్లో పెట్టబోతుండగా బొమ్మ ఆగింది. డ్రైవు గర్రుమంది. ఆయన మొహం తెర మీద చిన్న చిన్న గళ్లుగా పగిలిపోయి, అట్లాగే ఉండిపోయింది.

ఆయన కోపానికి రాలేదు. వస్తే బాగుండేది. స్టూలు మీద కూర్చుని ఒక్కటే అడిగాడు. "ఆ ఒక్క ముక్క ఇంకెక్కడన్న ఉంటదా తమ్మీ?"

లేదు. మినీ డీవీ క్యాసెట్టు నూటయాభై రూపాయలు. అందరు స్టూడియోల వాళ్లలాగే నేనూ వాటిని నాలుగైదు పెండ్లిండ్లకు తిప్పి తిప్పి వాడేవాణ్ని. ఆయన బిడ్డ ఏడ్చిన టేపు మీద అప్పటికే ఇంకెవరి బరాతో, బ్యాండు మేళమో ఎక్కేసింది. హార్డ్‌డిస్కు 80 జీబీ, పెండ్లి అయిపోతే ఖాళీ చేయాల్సిందే. ఆ మాట ఆయనతో చెప్పలేకపోయాను. చూస్తా కాకా అన్నాను. ఆయన మళ్లీ రాలేదు.

అప్పగింతల దగ్గరే ఎందుకు ఆగిందో ఆ తర్వాత తెలిసింది. గ్రామఫోన్ రికార్డు బయటి అంచు నుంచి లోపలికి పాడుతుంది. డీవీడీ దానికి తలకిందులు. లోపలి రింగు దగ్గర మొదలై అంచుకు పోతుంది. అంటే నలుగు పెట్టడం లోపల ఉంటుంది, జీలకర్ర బెల్లం నడుమ, అప్పగింతలు అంచున. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బిళ్లలు రెండు అతికించిన అప్పచ్చి. ఆ రెంటి నడుమ రంగు పూత ఉంటుంది. లేజరు కాల్చి రాసేది ఆ పూత మీదే. చౌక డిస్కులో ముందుగా పాడయ్యేది అంచే. అక్కడ పూత సమంగా పరుచుకోదు, జిగురు సరిగా పట్టదు, డిస్కు ఊగిసలాట కూడా అక్కడే ఎక్కువ. కాబట్టి చౌక డిస్కు పెండ్లిలో దేన్ని ముందు తింటుందంటే, జనం మళ్లీ మళ్లీ పెట్టుకుని చూసేదాన్నే. సినిమా డీవీడీ చివర్లో ఆగితే పేర్లు పోతాయి. మాకు ఆగితే తండ్రి పోతాడు.

ఇగ సీటీసీ మెట్లు ఎక్కే పద్ధతి మారింది. పై అంతస్తులో డ్రైవులు బాగుచేసే కుర్రాడొకడు ఉండేవాడు, ఇరవై దాటవు. వాడి దగ్గర కూర్చుని నా బాధ చెప్పుకుంటే నవ్వి, డిస్కులో రాసుండే కోడ్ చదివే చిన్న సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టి చూపించాడు. ఖాళీ డిస్కులో కూడా లోపలి రింగు దగ్గర, తయారుచేసిన వాడి గుర్తు ముందే అచ్చై ఉంటుందట. డబ్బా మీద ఏ పేరైనా వేసుకోవచ్చు, ఆ గుర్తు మాత్రం ఫ్యాక్టరీది. నా సంచిలోని మూడు బ్రాండ్లను ఒకదాని తర్వాత ఒకటి పెట్టాడు. మూడు వేరు వేరు పేర్లు, మూడు రేట్లు. లోపల రెండింటికి ఒకే కోడ్!

ఆడపిల్లకు పెండ్లైతే ఇంటిపేరు మారుతుంది, పుట్టిల్లు మారదు. డిస్కూ అంతే. డబ్బా మీద ఉన్నది అత్తగారి ఇంటిపేరు. నేను ఇన్నాళ్లూ ఇంటిపేరు చూసి కొన్నాను.

వాడి దగ్గరే ఆ పుట్టిండ్ల పేర్లు నేర్చుకున్నాను. ఎంసీసీ అని వస్తే మిత్సుబిషి కెమికల్, వెర్బాటిమ్ అనే బ్రాండు డబ్బాల్లో ఉండేది. టీవైజీ అంటే జపాన్ తైయో యూడెన్, తెలిసినవాళ్లు దాన్ని దేవుడి ప్రసాదంలా చూసేవాళ్లు. నేను ముట్టింది ఒక్కసారే, అదీ దుబాయ్ నుంచి ఎవరో తెచ్చిన డబ్బాలో. సీఎంసీ మాగ్, రైటెక్ తైవాన్ వాళ్లవి. ప్రపంచంలో పేరున్న కంపెనీలు చాలావరకు సొంతంగా చేసుకోకుండా వాళ్ల దగ్గరే చేయించుకునేవి. ఎంబీఐ అంటే మన మోసర్ బేర్. 1983లో ఢిల్లీలో, ఉద్యోగులు వచ్చిపోయే టైము కొట్టే యంత్రాలతో మొదలైన కంపెనీ. ఫ్లాపీల మీదుగా డిస్కుల్లోకి వచ్చి, ప్రపంచంలో పెద్ద డిస్కు కంపెనీల్లో ఒకటై కూర్చుంది. వెర్బాటిమ్ డబ్బాల మీద మేడిన్ ఇండియా అని ఉంటే అదీ వీళ్ల చేతిదే. నాలాంటివాడికి ధరా, నమ్మకం రెండూ ఒకచోట దొరికింది వీళ్ల దగ్గరే. దాదాపు పదేండ్లు వీటితోనే బతికాను.

అయితే కోడ్ ఒక్కటే చూసి గుడ్డిగా నమ్మినా మునిగిపోతాం. దొంగ నోటు మీద గాంధీ బొమ్మ ఉండదా? పెద్ద కంపెనీల కోడ్ దొంగిలించి అచ్చేసేవాళ్లూ ఉన్నారు. అందుకని ఆ కుర్రాడే పాత లైట్ఆన్ డ్రైవు ఒకటి నాలుగు వందలకు అంటగట్టాడు. అందరి డ్రైవులూ డిస్కు తప్పులు లెక్కపెట్టి చెప్పవు, అది చెబుతుంది. రాసిన డిస్కును అందులో పెట్టి, డిస్కులు రాసే నీరో సాఫ్ట్‌వేర్‌తో వచ్చే డిస్క్ స్పీడ్‌లో పరీక్ష నడిపిస్తే ఎక్కడెక్కడ ఎన్ని తప్పులు వస్తున్నాయో గీతలు గీసి, చివర్లో నూటికి ఇన్ని మార్కులని వేసేది. పదో తరగతి ఫలితాల్లా దాని ముందు కూర్చునేవాణ్ని. మంచి డిస్కుకు గీత నేల మీద చీమలబారులా పోయేది. లోకల్ డిస్కుకు మూడొంతులు బాగానే పోయి, చివర్లో ఒక్కసారిగా పల్లేరు ముళ్లలా లేచేది. అప్పగింతల చోటే. రాసినరోజే జబ్బు అక్కడ ఉందన్నమాట, ప్లేయర్ ఎట్లాగో సర్దుకుని చదివేస్తుంది, మనకు తెలియదు.

బెండకాయ కొస విరవడమంటే ఇదేనని నాకు అప్పుడు అర్థమైంది. యాభై డిస్కుల డబ్బా కొంటే ముందుగా ఒకటే తీసి, నిండా రాసి, పరీక్ష పెట్టి, మార్కులు తొంభై దాటితేనే మిగతా నలభై తొమ్మిదింటిని పెండ్లిండ్లకు వాడాలి. పరీక్షకు పోయిన ఆ ఒక్కటీ దండగే కదా అని మా ఆవిడ అనేది. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి మెతుకు పట్టుకోవా అంటే ఊరుకుంది.

ఇంకా కొన్ని చేతి పరీక్షలు ఉండేవి. డిస్కును ట్యూబులైటుకు అడ్డం పెట్టి చూస్తే చౌక పూతలో మబ్బు మరకలు, సూది మొనంత తెల్ల చుక్కలు కనపడేవి. అంచును గోటితో తడిమితే జిగురు బయటికొచ్చిన గరుకు తగిలేది. డబ్బా అడుగున పదింటికి కోడ్ ఒకటి, పైన పదింటికి ఇంకొకటి ఉన్న కలగూరగంప డబ్బాలూ చూశాను. వాటిని మొహమాటం లేకుండా వాపసు ఇచ్చేవాణ్ని. "ఆప్ బహుత్ షక్ కర్తే" అని నా అనుమానం మీద సణిగేవాడు భాయ్.

రాసే వేగం మీద మా స్టూడియోల వాళ్లలో పెద్ద మతకలహమే ఉండేది. ఎంత నిదానంగా రాస్తే అంత గట్టిగా ఉంటుందని కొందరు 4 ఎక్స్‌కు, అంటే మామూలు వేగానికి నాలుగింతలకే, దిగేవాళ్లు. కానీ 16 ఎక్స్ దాకా రాసే డిస్కును మరీ నిదానంగా రాసినా అది మంచిగా రాదు. దాని పూత అంత నిదానానికి తయారైంది కాదు. నా పరీక్షల్లో 8 ఎక్స్‌కే మంచి మార్కులు వచ్చేవి. పైగా మాకు ఇంకో లెక్క ఉంది, కరెంటు. జనగామలో అప్పట్లో పొద్దున రెండు గంటలు, మధ్యాహ్నం రెండు గంటలు కోత. చెప్పిన టైముకు పోతే అదృష్టం. నా యూపీఎస్ పాత బ్యాటరీ పది నిమిషాలకు కీచుకీచుమనేది. 4 ఎక్స్‌లో డిస్కుకు పావుగంట పడుతుంది, 8 ఎక్స్‌లో ఎనిమిది, తొమ్మిది నిమిషాలు. ఇంక శాస్త్రం చర్చించేది ఏముంది? కరెంటు పోయి మధ్యలో ఆగిన డిస్కు టీ గ్లాసు కింద పెట్టుకోవడానికే పనికొచ్చేది.

4.7 జీబీ అని డబ్బా మీద వేసి, కంప్యూటర్‌లో పెడితే 4.38 చూపించేది. మొదట్లో తూకంలో కొట్టాడనుకుని సీటీసీలో గొడవకు దిగాను కూడా. వాడు వెయ్యి చొప్పున లెక్కేస్తాడు, కంప్యూటర్ 1,024 చొప్పున లెక్కేస్తుంది, సరుకు అంతే అని తర్వాత తెలిసి నాలుక కరుచుకున్నాను. ఆ 4.38లో కూడా నేను 4.2 దాటనిచ్చేవాణ్ని కాదు. అంచున కొంచెం జాగా ఖాళీగా వదిలేసి, అప్పగింతలను లోపలికి జరిపేవాణ్ని. దేవరుప్పుల కాకా నేర్పిన పాఠం అది.

డిస్కు మీద వధూవరుల ఫోటో స్టిక్కర్ అంటించడం అప్పట్లో పెద్ద ఫ్యాషన్. అందంగానే ఉండేది. ఎండాకాలం జిగురు కారి, కాగితం ఒకవైపు లేచి, ప్లేయర్‌లో ఇరుక్కునేది. అతుకు వెంట్రుకవాసి అటో ఇటో అయినా డిస్కు తిరిగేటప్పుడు గజగజ వణికేది. తెల్లటి ప్రింటబుల్ డిస్కుల మీద నేరుగా ముద్రించే ఎప్సన్ ఆర్230 కొన్నాకే ఆ పీడ వదిలింది. దానికి కష్టమంతా తడితోనే. చెమట చెయ్యి తగిలితే పెండ్లికొడుకు మీసం చెంపకు జారేది.

డీవీడీ మైనస్ ఆర్, డీవీడీ ప్లస్ ఆర్ అని రెండు జాతులు. మా ఊళ్ల చైనా ప్లేయర్లు మైనస్‌ను బాగా పట్టేవి, ప్లస్‌కు అప్పుడప్పుడు మొరాయించేవి. కాబట్టి మైనస్సే కొనేవాణ్ని. ఒకసారి పెండ్లికూతురి నాన్న డిస్కు మీద గుర్తు చూసి అంతెత్తున లేచాడు. "శుభమా అని బిడ్డ పెండ్లి జేస్తె మైనస్ డిస్కు ఇస్తవా? ప్లస్ లేదా నీ కాడ?" ఎంత చెప్పినా వినలేదు. చివరికి ఆయనకు ఒక్కడికీ ప్లస్ రాసిచ్చాను. వారం తర్వాత వచ్చి, ఎవరూ లేనప్పుడు చూసి, మైనస్ తీసుకుపోయాడు.

2007లో అసలు దెబ్బ పడింది. మోసర్ బేర్ వాళ్లే సినిమాల వ్యాపారంలోకి దిగి, అసలు సినిమా వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టారు. పుట్నాలు, పల్లీలు అమ్మే కొట్లలో కూడా వేలాడదీశారు. ఇగ నా దుకాణంలో రోజూ పంచాయితీ. "సిన్మా నిండ ఉన్న డీవీడీ 34కు వస్తుంటె, కాపీ కొట్టిచ్చేదానికి నువ్వు అరవై అడుగుతవా?" అది అచ్చువేసిన పుస్తకం, ఇది చేతిరాత అని చెప్పేవాణ్ని. సినిమా డిస్కును ఫ్యాక్టరీలో ఇడ్లీ పళ్లెంలా అచ్చులో ఒత్తి లక్షలు తీస్తారు. గుంటలు ప్లాస్టిక్‌లోనే పడతాయి, చెరిగేది కాదు. మనది రంగు పూత మీద లేజరుతో రాసింది. ఎండలో పెడితే వెలుస్తుంది. ఒక్కోటి ఒక్కోసారి రాయాలి. ఇంత చెప్పినా చివరికి నలభైకి దిగేవాణ్ని. సినిమా చౌకైనందుకు మాత్రం ఆనందపడ్డానండోయ్, అందులో అబద్ధం లేదు. ఇంట్లో ఇప్పటికీ ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి.

ఆ ఏడే ఇంకో నియమం పెట్టుకున్నాను. తీసిన ప్రతి పెండ్లికీ నా దగ్గర రెండు కాపీలు, రెండు వేరు వేరు పుట్టిండ్ల డిస్కుల మీద. ఒకటి ఎంబీఐ అయితే ఇంకోటి ఎంసీసీ. ఒకే డబ్బాలోవి రెండు దాచుకుంటే జబ్బు కూడా రెండింటికీ ఒకేసారి వస్తుంది. లోపలి పారదర్శకమైన రింగు మీద మార్కర్‌తో తేదీ, ఊరు. బాల్‌పెన్ను ముట్టనివ్వను. మా నాయన బీరువా అడుగు అరలో, చీకట్లో, నిలువుగా పేర్చాను. ఒక్కో పెండ్లికి ముప్పై, ముప్పై అయిదు రూపాయల ఖర్చు. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు, బిల్లులోనూ వేయలేదు.

చెడిపోయిన డిస్కులు దుకాణం మూలన గుట్ట పడేవి. రైతులు అడిగి పట్టుకుపోయేవాళ్లు. దారం కట్టి మక్కచేన్లో వేలాడదీస్తే ఎండకు తళతళ మెరిసి చిలకలు రావట. ఒకసారి దేవరుప్పుల మీదుగా బండి మీద పోతుంటే రోడ్డు పక్క చేన్లో పది, పదిహేను డిస్కులు గాలికి తిరుగుతూ కనపడ్డాయి. ఎవరి చేనో తెలియదు. బండి నిదానం చేశాను గానీ, దిగి వాటి మీది రాత చదవడానికి కాళ్లు రాలేదు.

పెన్‌డ్రైవులు వచ్చాక డిస్కుల పని పలచబడింది. 2012, 2013 నుంచే "అన్నా, పెన్‌డ్రైవ్‌ల ఎయ్యి" అనేవాళ్లు ఎక్కువయ్యారు. జపాన్‌లో తైయో యూడెన్ 2015లో డిస్కులు మానేసింది. మా జనగామ 2016లో వరంగల్ నుంచి విడిపోయి జిల్లా అయింది. ఆ ఏడే నేను దుకాణం ఎత్తేశాను. మోసర్ బేర్ 2018లో దివాలా తీసి మూతపడింది. మరుసటేడు వెర్బాటిమ్‌ను తైవాన్ సీఎంసీ వాళ్లే కొనుక్కున్నారని విని నవ్వొచ్చింది. ఒకప్పుడు ఇవి రెండూ వేరు వేరు పుట్టిండ్లని బట్టీపట్టినవాణ్ని మరి. కొత్త ల్యాప్‌టాప్‌లకు డిస్కు పెట్టే చోటే లేదు. నేను మాత్రం ఆ పాత లైట్ఆన్ డ్రైవును యూఎస్‌బీ డబ్బాలో బిగించి ఉంచుకున్నాను.

బచ్చన్నపేట అమ్మాయి ఫోన్ పెట్టేశాక బీరువా ముందు కూర్చున్నాను. 2007, వైశాఖం. రెండూ దొరికాయి. మొదటిదాన్ని పెట్టి, డిస్కంతా ఉన్నదున్నట్టు కంప్యూటర్‌లోకి దింపే ఇమేజ్ కాపీకి ఇచ్చాను. 91 శాతం దాకా పరుగెత్తి, అక్కడ ఆగి, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు గర్రుగర్రుమంది. అరగంట చూశాను. ఒక్క శాతం కదిలింది. అది ఏ కోడ్‌దో చూశాను గానీ ఇక్కడ చెప్పను. పద్దెనిమిదేండ్లు మోసినదాన్ని ఇప్పుడు నిందించి ఏం లాభం. తీసి పక్కన పెట్టి రెండోదాన్ని వేశాను. లేచి పోయి మొహం కడుక్కుని, చాయ్ పెట్టుకుని వచ్చేసరికి 96లో ఉంది. గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. 97. 98. వేగం తగ్గింది, డ్రైవు గొంతు మారింది, మళ్లీ అందుకుంది. నూరు.

మీ ఇంట్లో ఇట్లాంటి డిస్కులు ఉంటే ఒక డ్రైవులో రాలేదని పారేయకండి. ఇంకో డ్రైవులో, ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. నాకు రానిది నా తమ్ముడి పాత కంప్యూటర్‌లో వచ్చిన రోజులున్నాయి.

సాయంత్రం ఆ అమ్మాయికి ఫోన్ చేసి, వాట్సాప్‌లో చివరి ముక్క పంపుతున్నా అన్నాను. ఉప్పల్‌లో ఉంటున్నారట. "ఆగన్నా, ఫోన్ పెట్టకు, నేను ఇంకో ఫోన్ల చూస్తా" అంది. నేను ఇక్కడ కంప్యూటర్ మీద చూస్తున్నాను, ఆమె అక్కడ. పాలపళ్లెం, చేతులు, ఆడవాళ్ల ఏడుపు, కారు తలుపు మూసిన చప్పుడు. కారు సందు మలుపు తిరిగిపోయింది. ఖాళీ వాకిట్లో, పందిరి గుంజ పట్టుకుని వాళ్ల బాపు నిలబడి ఉన్నాడు. నేను ఎందుకో కెమెరా ఆపలేదప్పుడు. ఆయన కండువాతో మొహం తుడుచుకుని, నా వైపు చూసి, చెయ్యి అడ్డం పెట్టాడు.

"చాలు తియ్ తమ్మీ. ఇగ బందు జెయ్యి."

ఫోన్‌లో అవతల నుంచి, "ఇంకోసారి పెట్టుమంటున్నరు అన్నా మా పిల్లలు" అంది.